చేయి అడ్డం పెట్టిన దీపం

అమ్మాయి పురుటికని ఫ్రాన్స్ వెళ్ళొచ్చాను. వచ్చిన దగ్గర్నుంచీ అందరూ అడిగేది ఒకటే, "ఈఫిల్ టవర్ ఎక్కారా?" అని. ఎక్కలేదండీ. కింద నిలబడి చూశాను, మెడ పట్టేసింది, అంతే. నేను కళ్ళ నిండా చూసొచ్చింది వేరే ఉంది. సుమారు మూడడుగుల వెడల్పుండే ఒక పాత తైలవర్ణ చిత్రం. దాని గురించి చెప్పబోతే మా వీధిలో ఎవరూ వినేట్టు లేరు. "సెంటు సీసాలు తెచ్చారా పిన్నిగారూ?" అంటారు. అందుకే మీకు రాస్తున్నాను.

మా అమ్మాయీ అల్లుడూ ఉండేది రెన్ అనే ఊళ్ళో. పారిస్‌కి పడమరగా, బ్రిటనీ ప్రాంతంలో ఉంది. పారిస్ నుంచి వేగంగా వెళ్ళే రైలెక్కితే గంటన్నర. నవంబరు మొదట్లో బయల్దేరాను. సూట్‌కేసులో సగం శొంఠి, వాము, కాయం, వెల్లుల్లి కారం. మిగతా సగం మెత్తబడ్డ పాత నేతచీరలు, పొత్తిగుడ్డలకి. నా బట్టలు చేతిసంచిలోనే సర్దుకున్నాను.

అల్లుడు పారిస్ వచ్చి ఎదురుచూస్తున్నాడు. "అత్తయ్యగారూ, రైలు రేపు సాయంత్రం. ఈ రాత్రికి మా ఫ్రెండింట్లో పడుకుని, రేప్పొద్దున లూవ్ర్ మ్యూజియం చూసి వెళ్దాం" అన్నాడు. నిద్ర లేక కళ్ళు మండుతున్నా సరేనన్నాను. మోనాలిసా ముందు మన తిరుపతి క్యూ లాగే ఉంది. తలల మీదుగా చూసి బయటపడ్డాం. ఆ తర్వాత ఫ్రెంచివాళ్ళ చిత్రాలుండే పై అంతస్తుకి తీసికెళ్ళాడు. అక్కడ జనమే లేరు. కాళ్ళు లాగి ఓ బెంచీ మీద కూలబడ్డాను. తల ఎత్తితే ఎదురుగా ఒక వడ్రంగి.

ముసలాయన. బట్టతల, గడ్డం. వంగి, దూలంలోకి బరమా తిప్పుతున్నాడు. ఎదురుగా ఏడెనిమిదేళ్ళ పిల్లాడు కొవ్వొత్తి పట్టుకుని వెలుగు చూపిస్తున్నాడు. గాలికి ఆరిపోకుండా రెండో చేయి అడ్డం పెట్టాడు. ఆ చేతివేళ్ళు చూడాలి మీరు! వెలుగు వేళ్ళలోంచి ఇవతలికి వచ్చేస్తోంది. గోళ్ళ అంచులు ఎర్రగా, లోపల నెత్తురు కనిపిస్తున్నట్టే ఉంది. చిన్నప్పుడు టార్చిలైటు మీద అరచెయ్యి మూసి చూసుకునేవాళ్ళం కదూ, అచ్చం అలాగే.

"ఆయన జోసెఫ్, ఆ పిల్లాడు ఏసు" అన్నాడు అల్లుడు గోడ మీది చీటీ చదివి. "వేసినాయన జార్జ్ ద లా తూర్. 1640ల నాటిది. అన్నట్టు అత్తయ్యగారూ, ఈయన వేసిందే ఒకటి మా ఊరి మ్యూజియంలో ఉంది. మేం ఉండేది అక్కడికి నాలుగు వీధుల అవతలే. కానీ మేమింకా చూళ్ళేదు."

ఇంటి పక్క గుడికి మనం మాత్రం వెళతామా ఏమిటి!

రెన్ ముచ్చటైన ఊరు. పాత బజార్లో చెక్క చట్రాల ఇళ్ళు. చట్రాల మధ్య మట్టిపూత, ఎరుపూ పసుపూ ఆకుపచ్చా రంగులు. ఒకదాని మీద ఒకటి వాలి కబుర్లు చెప్పుకుంటున్నట్టు ఉంటాయి. ఆ వీధులు దాటగానే ఉన్నట్టుండి తిన్నటి రోడ్లు, బరువైన రాతి మేడలు. ఎందుకంటే 1720 డిసెంబరులో ఊరికి నిప్పంటుకుని దాదాపు వారం రోజులు మండింది. తొమ్మిది వందల ఇళ్ళ దాకా బూడిద. తాగొచ్చిన ఒక వడ్రంగి ఇంట్లో మొదలైందని చెప్పుకుంటారు. చెక్క ఇళ్ళు, గడ్డి పరుపులు, ప్రతి గదిలో విడి మంట. ఆ రోజుల్లో దీపం అంటే అవసరమూ అదే, భయమూ అదే. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, ఆ చిత్రాల్లో కొవ్వొత్తి పట్టుకున్న వాళ్ళందరూ అంత ఒద్దిగ్గా, అంత నిదానంగా ఎందుకుంటారో నాకు అక్కడ అర్థమైంది. మంట పట్టుకున్న మనిషి చేతులూపుతూ మాట్లాడదు కదండీ.

శనివారం శనివారం లిస్ మైదానంలో పెద్ద సంత. అక్కడ మన అట్టులాంటిది ఒకటి దొరుకుతుంది, గాలెట్ అంటారు. హిందీవాళ్ళు కుట్టు అనే పిండి ఉంది చూడండి, దాన్ని నీళ్ళతో, ఉప్పుతో జారుగా కలిపి కొన్ని గంటలు నాననిస్తారు. ఇంత వెడల్పు ఇనప పెనం మీద పోసి, గరిటెతో కాదు, చిన్న చెక్క పారలాంటి దాంతో గుండ్రంగా లాగుతారు. పైన ఛీజు, కావలిస్తే గుడ్డు, నాలుగు వైపులా మడత. నేను మాత్రం కాస్త వెల్లుల్లి కారం జల్లుకుని తిన్నాను. అట్లమ్మాయి నా పొట్లం వంక ఆశగా చూసింది. రవ్వంత పెట్టాను. ఆమె దగ్గిన దగ్గు సంతంతా విన్నారు.

అమ్మాయికి తొమ్మిదో నెల. నడవమన్నారు. బ్రిటనీలో వానకి వేళాపాళా లేదు. నవంబరు నడిమికి సాయంత్రం ఐదున్నరకే చీకటి. ఓ మధ్యాహ్నం నడకకని బయల్దేరి, వాన పట్టుకుంటే పరుగులాంటి నడకతో విలేన్ నది ఒడ్డున ఉన్న మ్యూజియంలోకి దూరాం. ఫ్రెంచి విప్లవం రోజుల్లో, 1794లో మొదలైన మ్యూజియం అట. దొరల ఇళ్ళనుంచీ, చర్చీలనుంచీ స్వాధీనం చేసుకున్నవి అన్నీ చేర్చారు. గదులు దాటుకుంటూ పోతే, ఓ గోడ మీద అది.

పేరు "అప్పుడే పుట్టిన బిడ్డ." 1648 ప్రాంతంలో వేసి ఉంటాడంటారు.

ఇద్దరు ఆడవాళ్ళు, ఒక పసిగుడ్డు. ఇంకేం లేదు. మంచం లేదు, కిటికీ లేదు, గోడ కూడా లేదు, చీకటి తప్ప. కుడివైపు తల్లి, ఎర్ర గౌను. పక్కన పెద్దామె, పక్కవాటంగా మొహం, తెల్లటి తలగుడ్డ. ఆమె చేతిలో కొవ్వొత్తి ఉంది, కానీ మనకి మంట కనబడదు. రెండో చెయ్యి ఎత్తి అడ్డం పెట్టింది. ఆ చెయ్యి మనవైపు నల్లగా, అవతల వైపు వెలుగ్గా ఉంది. వెలుగంతా పోయి బిడ్డ మీద పడింది. గట్టిగా చుట్టిన తెల్ల గుడ్డలు, మూసిన కళ్ళు, చిట్టి ముక్కు, కొంచెం తెరిచిన నోరు. పాలు తాగి పడుకున్న బిడ్డ నోరు అలాగే ఉంటుంది. కాసేపు చూస్తే వెలుగు కొవ్వొత్తిది కాదు, బిడ్డదే అనిపిస్తుంది.

"మేరీ, ఏసు, మేరీ వాళ్ళమ్మ అని కొందరంటారట. కాదు, మామూలు తల్లీ మంత్రసానీ అని కొందరట" అంది అమ్మాయి, ఫోన్లో చదివి. "తలల వెనక తేజోవలయాలు వెయ్యలేదు చూడు."

"మంత్రసానే" అన్నాను నేను.

"ఎలా చెప్పగలవ్?"

"చెయ్యి చూడు. అది అలవాటైన చెయ్యి."

ఏదో అనేశాను గానీ గొంతు నాకే వేరుగా వినపడింది. "ఏంటమ్మా, అలా చూస్తున్నావ్?" అంది. ఏం లేదన్నాను. తొమ్మిదో నెల కడుపుతో ఉన్న పిల్లకి చెప్పే సంగతి కాదది. ఆ పూట ఇంటికొచ్చి చారు పెట్టాను.

ఆ వేసినాయన సంగతి తర్వాత తీరిగ్గా చదువుకున్నాను, అల్లుడు లైబ్రరీ నుంచి ఇంగ్లీషు పుస్తకాలు తెచ్చిస్తే. 1593లో విక్ అనే చిన్న ఊళ్ళో రొట్టెలు కాల్చే వాళ్ళింట పుట్టాడు. అది లొరేన్ ప్రాంతం, దేశానికి తూర్పు కొస. 1617లో డియాన్ అనే పెద్దింటి పిల్లని చేసుకుని, 1620లో ఆమె పుట్టిన ఊరు లునెవిల్‌కి కాపురం మార్చాడు. అక్కడే ముప్ఫై ఏళ్ళ యుద్ధం వచ్చిపడింది. సైన్యాలు, కరువు, ప్లేగు. 1638లో ఊరు తగలబడింది. ఇళ్ళు కాలిపోవడం కళ్ళతో చూసినవాడు ఒక్క కొవ్వొత్తిని అంత ప్రేమగా ఎలా వేశాడో! పదిమంది పిల్లలు పుడితే పెరిగి పెద్దయింది కొందరే.

అలాగని మహాత్ముడనుకోకండి. 1639 నాటికే రాజుగారి చిత్రకారుడని పేరు. పన్నులు కట్టనని పేచీ, మనిషి మీద చెయ్యి చేసుకున్నాడని ఫిర్యాదు. 1646లో ఊరివాళ్ళంతా అర్జీ పెట్టుకున్నారట, ఈయన దొరలా బోలెడు కుక్కల్ని పెంచి కుందేళ్ళ వేటకి మా చేలల్లో తోలి పంట తొక్కిస్తున్నాడు అని. అంత దురుసు మనిషి ఇంత మెత్తటి పటం వేశాడంటే మా అమ్మాయి నమ్మనంది. నేను నమ్ముతాను. మా తాతయ్య నోరు తెరిస్తే తిట్లే, దూడకి జబ్బు చేస్తే రాత్రంతా పక్కనే కూర్చునేవాడు.

1652 జనవరిలో డియాన్ పోయింది. రెండు వారాలకి అదే నెల చివర ఆయనా పోయాడు. ఆ తర్వాత ఆయన పేరే మర్చిపోయారు! ఒకటీ రెండేళ్ళు కాదు, రెండున్నర శతాబ్దాలు. రెన్‌లో ఉన్న ఈ బిడ్డ పటం లె నేన్ అనే వేరే వాళ్ళదని చలామణీ అయింది. 1915లో హెర్మన్ ఫాస్ అనే జర్మన్ పండితుడు పక్క ఊరు నాంట్‌లో ఈయన సంతకమున్న రెండు చిత్రాల్ని దీనితో పోల్చి, మూడూ ఒక చేతివే అని తేల్చాడు. 1915 అంటే గుర్తొచ్చిందా? మొదటి ప్రపంచ యుద్ధం. జర్మనీ, ఫ్రాన్స్ ఒకళ్ళనొకళ్ళు చంపుకుంటున్న రోజులు. 1934లో పారిస్‌లో ప్రదర్శన పెట్టాక గానీ జనానికి తెలియలేదు. ఇప్పుడు ఆయనవని ఒప్పుకునేవి నలభై పైచిలుకు మాత్రమే. పుట్టిన ఊళ్ళో 2003లో ఆయన పేర మ్యూజియం కూడా తెరిచారు.

చీకట్లో వెలుగు పెట్టి వెయ్యడం ఈయనతో మొదలవలేదు. రోమ్‌లో కరవాజ్జో అనే ఆయన 1600 ప్రాంతంలోనే చీకటి గదిలోకి ఏటవాలుగా వెలుగు దూసుకొచ్చేట్టు వేసి అందర్నీ అదరగొట్టాడు. దాన్ని నేర్చుకోవడానికి ఊళ్ళ నుంచి కుర్రాళ్ళు రోమ్‌కి వెళ్ళారు. హాలండ్ నుంచి వెళ్ళిన హోంతోర్స్ట్‌కి ఇటలీవాళ్ళు "రాత్రుల గెరార్డో" అని ముద్దుపేరే పెట్టారు, అన్నీ దీపం వెలుగు బొమ్మలే వేస్తున్నాడని. కానీ నా మట్టుకు నాకు తేడా కనిపించింది. కరవాజ్జో వెలుగు ఎక్కడో బయటి నుంచి వచ్చి మీద పడుతుంది, నాటకంలో లైటు వేసినట్టు. లా తూర్ వెలుగు ఇంట్లోది. ఎవరో వెలిగించారు, ఎవరో పట్టుకున్నారు, ఎంతసేపు వెలుగుతుందో కూడా తెలుస్తుంది.

ఇందులో కిటుకు మనలాంటి వాళ్ళకి పుస్తకం లేకుండానే తెలుస్తుంది. కిరసనాయిలు బుడ్డి ముందు చదువుకున్న వాళ్ళం కదా. బుడ్డికి జానెడు దూరంలో అక్షరాలు తళతళ, మూరెడు జరిగితే గుడ్డివెలుగు. దూరం రెండింతలైతే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుందట. అందుకే పటంలో వెలుగు అంచుకి రాకముందే అయిపోతుంది. మిగతాదంతా చీకటికి వదిలెయ్యొచ్చు. ఇంకొకటి, దీపం వెలుగులో ఎరుపు, పసుపు మెరుస్తాయి, నీలం నల్లబడిపోతుంది. పట్టుచీర రాత్రిపూట దీపం కింద ఎంచకూడదని మా అమ్మమ్మ అనేది, నీలమని తెస్తే నలుపయిందట! లా తూర్ రాత్రి చిత్రాల్లో చూడండి, అన్నీ ఎరుపులూ ఇటుక రంగులూ గోధుమ రంగులే. అవిసె నూనెలో నూరిన రంగులు నిదానంగా ఆరతాయి. అందుకని వెలుగు చీకట్లోకి కలిసే చోట గీత కనబడకుండా మెత్తగా కలుపుకోవచ్చు. ఆ బిడ్డ బుగ్గ దగ్గర అదే చేశాడు.

అమ్మాయికి నవంబరు ఆఖరున ఆడపిల్ల పుట్టింది. పురుడు పోసింది మంత్రసానే. ఆశ్చర్యపోకండి, ఫ్రాన్స్‌లో మామూలు కాన్పులు వాళ్ళే చేస్తారు, ఏళ్ళ తరబడి చదువుకున్న వాళ్ళు. ఫ్రెంచిలో సాజ్ ఫమ్ అంటారు. మాటకి మాట చెప్పుకుంటే తెలివైన ఆడమనిషి అని. నన్ను కూడా లోపలికి రానిచ్చింది. నేను ఒక మూల నిలబడి గోడ పట్టుకున్నాను. పిల్ల ఏడ్చేదాకా నేను ఊపిరి తీశానో లేదో గుర్తులేదు.

మూడోవారంలో ఓ రాత్రి. పిల్ల ఏడుస్తుంటే నిద్ర లేచాను. గదిలో అమ్మాయి సెల్‌ఫోన్ లైటు వేసుకుని గుడ్డలు మారుస్తోంది. వెలుగు పిల్ల కళ్ళలో పడకుండా చెయ్యి అడ్డం పెట్టింది. వేళ్ళ అంచులు ఎర్రగా మెరుస్తున్నాయి. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. ఇక ఆగలేక ఆ రాత్రే చెప్పేశాను.

1981 అక్టోబరు. మొదటి కాన్పుకి పుట్టింటికి వెళ్ళాను. మాది కృష్ణ పక్కన లంక ఊరు. ఏటికి వరద, పైన గాలివాన. రెండు రోజులుగా కరెంటు లేదు, పడవ కట్టేవాడు లేడు. రాత్రి నొప్పులొచ్చాయి. మంత్రసాని, మా మేనత్త, ఒక లాంతరు. తెల్లవారుజామున పుట్టింది. ఏడవలేదు. వాళ్ళిద్దరూ ఏదో గుసగుసగా అనుకున్నారు. "ఏదీ, చూపించండి" అన్నాను. మంత్రసాని లాంతరు ముందు చెయ్యి అడ్డం పెట్టింది. నా మొహం మీద నీడ పడింది. అలాగే లాంతరు పట్టుకుని, పొత్తిళ్ళు పట్టుకుని బయటికి వెళ్ళిపోయింది. చీకట్లో మేనత్త నా తల నిమురుతూ కూర్చుంది. ఆడపిల్ల అని మాత్రం తెల్లారాక చెప్పింది. చూస్తే మమకారం పెరుగుతుందనీ, చూడకపోతేనే త్వరగా మర్చిపోతాననీ వాళ్ళ ఉద్దేశం. వాళ్ళని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు, వాళ్ళు అలా ఎంతమందిని చూశారో. కానీ మొహం తెలియని పిల్లని మర్చిపోవడం ఎలాగో ఎవరూ చెప్పలేదు.

అమ్మాయి చాలాసేపు ఏం మాట్లాడలేదు. పిల్లని నా ఒళ్ళో పెట్టి, ఫోను లైటు తను పట్టుకుంది. "చూసుకో అమ్మా, ఎంతసేపైనా" అంది.

నలభై రోజులు వెళ్ళాక పిల్లని గుండెకి కట్టుకుని ముగ్గురం మళ్ళీ మ్యూజియానికి వెళ్ళాం. ఈసారి వాన లేదు, ఎండ ఉంది. పిల్ల నిద్రపోతూ నోరు తెరిచింది. అమ్మాయి ఒకసారి పటం వంక, ఒకసారి దాని వంక చూసి నవ్వింది. నేను ఆ పెద్దామె చెయ్యి చూస్తూ నిలబడ్డాను. అదే చెయ్యి, అదే అడ్డం. అయితే ఈమె మన కళ్ళకి అడ్డం పెట్టింది గానీ తల్లికి కాదు. తల్లి బిడ్డని చూస్తూనే ఉంది.

కింద దుకాణంలో ఆ పటం కార్డు ఒకటి కొనుక్కున్నాను.

ఇంటికొచ్చాక దాన్ని వంటింట్లో, డబ్బాల అలమారు తలుపుకి లోపలివైపు అంటించాను. వారం రోజులకి మా వారు కాఫీ పొడి కోసం తలుపు తీసి, "ఎవరిదే ఈ పిల్ల?" అన్నారు. 1981లో ఆయన ఉద్యోగం వేరే ఊళ్ళో. వరద తీసి పడవ కట్టేసరికి అంతా అయిపోయింది. ఆయనా చూడలేదు. ఇన్నేళ్ళలో ఆ మాట మేమిద్దరం ఎన్నడూ ఎత్తుకోలేదు.

పటం సంగతి చెప్పాను. ఎక్కడిదో, ఎవరు వేశారో, అంతవరకే. ఆయన లోపలికెళ్ళి కళ్ళజోడు పెట్టుకొచ్చారు. కార్డుని తలుపు నుంచి ఊడదీసి, కిటికీ దగ్గర వెలుగులోకి పట్టుకెళ్ళారు. కాఫీ పొడి సంగతి మర్చిపోయి అక్కడే నిలబడ్డారు.

"ఊపిరి తీస్తున్నట్టే ఉందే" అన్నారు.